జులై 4న బోర్డు మీద ఏం రాయాలి?

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

పొద్దున ప్రార్థనలో ‘చరిత్రలో ఈ రోజు’ చెప్పించే పని మీ హెడ్‌మాస్టర్ గారు నీకు అప్పగించారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. రోజూ కొత్తగా ఏం దొరుకుతుంది, తప్పు చదివిస్తే ఎట్లా అని టెన్షన్ పడుతున్నావట. సోషల్ టీచర్‌గా ఉన్నన్నాళ్ళూ నేను ఈ పని ఇష్టంగా చేశాను. ఫోన్‌లో రెండు ముక్కలు చెబితే తెమిలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

దొరకదని భయం వద్దు, ఎక్కువ దొరకడమే అసలు ఇబ్బంది. జులై 4 సంగతే చూడు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది ఆ రోజే. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టిందీ, 1902లో వివేకానందుడు బేలూరు మఠంలో కన్నుమూసిందీ ఆ రోజే. 1934లో మేరీ క్యూరీ, 1963లో పింగళి వెంకయ్య పోయిందీ జులై 4నే. 2012లో హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మ కణం దొరికిందని జెనీవా దగ్గరి సెర్న్ శాస్త్రవేత్తలు చెప్పిందీ అదే తేదీన. ఇదంతా ఒక పిల్లతో గడగడా చదివిస్తే ఎండలో నిలబడ్డ పిల్లల్లో ఒక్కరికీ ఒక్కటీ గుర్తుండదు. తొమ్మిదింటికి విన్నది ఇంటర్వెల్‌కల్లా పోతుంది.

పైగా ఆ వరుసలో మీ పిల్లలకు అన్నిటికన్నా దగ్గరిదే లేదు, గమనించావా? 1946 జులై 4న దొడ్డి కొమరయ్య చనిపోయింది కడవెండిలో. మీ బడి నుంచి ఎంత దూరం అది? ఎక్కడో అచ్చయిన జాబితా పట్టుకుని చదివిస్తే జరిగేది ఇదే. అమెరికా సంగతి బోర్డెక్కుతుంది, పక్క మండలం సంగతి ఎక్కదు. అందుకని ముందు మన చుట్టుపక్కల ఏం జరిగిందో వెతుకు, తర్వాత దేశం, ఆ తర్వాత లోకం.

‘దొడ్డి కొమరయ్య అమరుడైన రోజు’ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకు. అది విన్న ఆరో తరగతి పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? ఏం జరిగిందో చెప్పించు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ అనే పెద్ద భూస్వామి చేతి కింద ఊళ్ళు వెట్టిచాకిరితో నలిగిపోతున్నాయి. ఆ రోజు ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళు కర్రలు పట్టుకుని ఊరేగింపు తీశారు. గడీ, అంటే దొర కోటలాంటి ఇల్లు, దాని దగ్గరికి వచ్చేసరికి దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం ఊరూరా రాజుకున్నది ఆ చావు తర్వాతే. ఈ నాలుగైదు వాక్యాలు చాలు. చదివేది ఆ దిక్కు నుంచి వచ్చే పిల్లే అయితే ఇంకా మంచిది. ముందు రోజే కాగితం చేతికిచ్చి, ఇంట్లో తాతనో అమ్మమ్మనో గడీ గురించి అడిగి రమ్మను. వాళ్ళు చెప్పిన మాట ఒక్కటి కలిపి చదివినా సరే, ఆ రోజు ప్రార్థన వేరేగా ఉంటుంది.

దానికి తోడు దూరపుది ఒక్కటి పెట్టు. జులై 4న నేనైతే మేరీ క్యూరీని తీసుకుంటా. ఏళ్ళ తరబడి రేడియం దగ్గర పని చేసి, ఒంట్లో రక్తం తయారుకాని జబ్బుతో ఆమె పోయింది. ఆమె రాసుకున్న నోటుపుస్తకాల్లో రేడియోధార్మికత ఇంకా పోలేదు, సీసపు పెట్టెల్లో పెట్టి కాపాడుతున్నారు. ఇది చెప్పాక మీ సైన్స్ సార్ క్లాసులో పిల్లలు ఊరికే కూర్చోరు, చూస్తూ ఉండు. అల్లూరిని వదిలేస్తామా అని అడుగుతావేమో. వచ్చే ఏడు జులై 4న ఆయనకివ్వు, ఆపై ఏడు వెంకయ్యకు. తేదీ ఏటా వస్తుంది, తొందరేం లేదు.

ఇక తప్పుల సంగతి. తేదీ తప్పు పడటం తక్కువే. ఆ తేదీన జరిగింది ఏమిటన్న దగ్గరే పొరపాటు వస్తుంది. అమెరికానే తీసుకో, విడిపోవాలని ఓటు వేసింది జులై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. ‘జులై 4న సంతకాలు చేశారు’ అని రాస్తే తేదీ ఒప్పే, మాట తప్పు. మన రుద్రమదేవి విషయంలోనూ ఇంతే. నవంబర్ 27 ఆమె వర్ధంతి అని చాలాచోట్ల రాస్తారు. దానికి ఆధారం నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానం చేసి వేయించిన శాసనం అది. ఆ తేదీ దానానిది. అప్పటికి ఆమె పోయిందని దాన్నిబట్టి అర్థం చేసుకున్నారు. కాబట్టి ఆ రోజు ‘రుద్రమదేవి మరణం గురించి మనకు చెప్పే శాసనం వేయించిన రోజు’ అని చదివించు. వాక్యం కొంచెం పొడుగవుతుంది, కానీ రాయి మీద మనవాళ్ళు ఏం రాసుకున్నారో, చరిత్ర మనకెట్లా తెలుస్తుందో కూడా పిల్లలకు తెలుస్తుంది. నాకు చాలా ఇష్టమైన రోజు అది.

ఒకే మనిషికి రెండు తేదీలు దగ్గర దగ్గరగా ఉంటే మరీ జాగ్రత్త. చాకలి ఐలమ్మ వర్ధంతి సెప్టెంబర్ 10, జయంతి 26. మీ పాలకుర్తి దిక్కు మనిషి, తారుమారు అయితే ఊళ్ళో ఎవరూ ఊరుకోరు. సెప్టెంబర్ 9 కాళోజీ గారిది, తెలంగాణ భాషా దినోత్సవం, అది ఎట్లాగూ బడి అంతా చేస్తుంది.

సెప్టెంబర్ 17 వచ్చేసరికి విమోచనం అనేవాళ్ళు ఉంటారు, విలీనం అనేవాళ్ళు ఉంటారు. స్టాఫ్‌రూమ్‌లోనే వాదన మొదలవుతుంది. నువ్వు జరిగింది జరిగినట్టు చెప్పించు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు, 18న ఆయన సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ జనరల్ చౌదరి ముందు లాంఛనంగా లొంగిపోయాడు. ఇందులో ఎవరూ కాదనేది ఏమీ లేదు. పేరు పెద్దయ్యాక వాళ్ళే పెట్టుకుంటారు.

ఆగస్టు 27 బైరాన్‌పల్లి రోజు. 1948లో రజాకార్లు ఆ ఊరి మీద పడి ఎంతోమందిని చంపారు. పుస్తకానికో లెక్క ఉంటుంది, అందుకని సంఖ్య చెప్పించకు. ఊరివాళ్ళు ఎక్కి కాపు కాసిన బురుజు ఇప్పటికీ ఉంది, దాని ఫొటో బోర్డుకు అంటించు. ఇట్లాంటివి చదివించేటప్పుడు గొంతు బాగుందని కాకుండా, నిదానంగా చదివే పిల్లను ఎంచుకో.

తిథిని బట్టి వచ్చేవాటిని తేదీకి కట్టెయ్యకు. మేడారం జాతర మాఘ పౌర్ణమికి, బతుకమ్మ అమావాస్యకు. ఏ ఏడుకా ఏడు క్యాలెండర్ చూసుకోవాల్సిందే. పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే, ఇంగ్లీషు సంవత్సరం రావడానికి దానికి 590 కలుపు, జనవరి నుంచి తర్వాతి నెలలైతే 591. నిజాం కాలంలో ఆ ఏడు అక్టోబర్‌లో మొదలయ్యేది, అందుకే ఆ తేడా. మన పెద్దల్లో చాలామంది పుట్టినరోజు బడిలో చేర్చుకున్న సార్ రాసిన తేదీనే, అది ఎక్కువగా జూన్‌లోనో జులైలోనో ఉంటుంది. ఊరి పెద్దల గురించి రాసేటప్పుడు రిజిస్టర్ ఒక్కటే నమ్ముకోకుండా ఇంట్లో వాళ్ళను కూడా అడుగు.

ఒక పెద్ద నోటుపుస్తకం కొనుక్కో, తేదీకో పేజీ. ఫిబ్రవరి 29కి కూడా ఉంచు. రాసిన ప్రతిదాని పక్కన ఎక్కడ చూశావో రాసుకో. ఒక్కచోటే కనబడితే పెన్సిల్‌తో రాయి, రెండోచోట కూడా దొరికాక పెన్నుతో దిద్దు. ఫోన్‌లో తిరిగే మెసేజ్‌లు ఒకటి చూసి ఒకటి రాసుకున్నవే, అవి వందున్నా ఒక్కటి కిందే లెక్క. ఆదివారాలు, సెలవుల్లో పడ్డ తేదీలను సోమవారం కలిపి చెప్పించు, లేకపోతే కొందరి పేర్లు ఏళ్ళకేళ్ళు పిల్లల చెవిన పడవు.

జులై 25 పేజీ మాత్రం నాకోసం బాగా రాయి. 2021లో ఆ రోజే రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు, 1213 నాటి శాసనం సంగతి తప్పకుండా రావాలి. నీళ్ళలో తేలే ఇటుకల మాట వినగానే పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు, మొదటి పీరియడ్ నుంచి పది నిమిషాలు ముందే అడిగి పెట్టుకో. నా దగ్గర ఆ గుడి ఉన్న పాలంపేటలో తీసిన ఫొటోలు పెద్దవి ఉన్నాయి. ఈ ఆదివారం వచ్చి పట్టుకుపో, అమ్మను కూడా తీసుకురా.

నీ పెద్దమ్మ