కాకిపిల్ల కాకికి ముద్దు

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటోలు నేనూ, మీ పెద్దమ్మా చూశాం. లాబ్రడార్ పిల్ల బొద్దుగా బాగుంది. అప్పుడే బ్రూనో అని పేరు కూడా పెట్టేశారట, సంతోషం. నేను కుక్కల మధ్యే పెరిగినవాణ్ణి. ఇప్పటికీ గుంటూరు బ్రాడీపేటలో మా గేటు లోపల ఒకటి పడుకునే ఉంటుంది. కాబట్టి వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ మీరుండేది విజయవాడ పటమటలో, అపార్టుమెంటు మూడో అంతస్తులో. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు. కుక్కకి స్నానం ఎలా చేయించాలి, షేక్‌హ్యాండ్ ఎలా నేర్పాలి అని చెప్పే వీడియోలు బోలెడు. చుట్టుపక్కల వాళ్ళకి ఇబ్బంది లేకుండా ఎలా పెంచాలో చెప్పేవాళ్ళు తక్కువ. నాకు తెలిసినంతలో ఆ సంగతే రాస్తున్నాను.

కాకిపిల్ల కాకికి ముద్దు. బ్రూనో మీకు బిడ్డ. ఎదురు ఫ్లాటు ఆవిడకి మాత్రం ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు తూగబోయే కుక్క. దాన్ని తెమ్మని ఆవిడ అడగలేదు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే అది తోకాడిస్తూ ముందుకి ఉరుకుతుంది, ఆవిడ వెనక్కి తగ్గుతుంది. "భయపడకండి ఆంటీ, ఏమీ చెయ్యదు" అంటావు. కుక్కలు పెంచేవాళ్ళందరూ అనే మాటే. ఇక మీదట నువ్వు అనొద్దు. ఏమీ చెయ్యదని నీకు తెలుసు, ఆవిడకి ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్నవాళ్ళు మా తరంలో చాలామందే ఉన్నారు. వాళ్ళ భయానికి కారణం అడిగే హక్కు మనకి లేదు. మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన మీద మీ బ్రూనో ముద్దుగానే కాళ్ళు వేసిందనుకో, ఆయన కింద పడితే విరిగేది ఎముకే గదా.

అందుకని మాటలు మానేసి చేతులతో పని చెయ్యి. ఫ్లాటు తలుపు తియ్యకముందే బెల్టు వెయ్యాలి, కారిడార్లోకి వచ్చాక కాదు. లీష్ తాడు చివరి ఉచ్చులోకి కుడి మణికట్టు దూర్చు, ఎడమ చేత్తో బెల్టుకి జానెడు దూరంలో పట్టుకో. కుక్క గోడ వైపు నడవాలి, నువ్వు మనుషుల వైపు. మెట్ల మలుపు దగ్గర ముందు నువ్వు తొంగి చూశాకే అది అడుగు వెయ్యాలి. లిఫ్టులో ఎవరైనా ఉంటే "మీరు వెళ్ళండి, మేం తర్వాత వస్తాం" అని నవ్వుతూ చెప్పు. ఒక్క నిమిషం ఆలస్యమవుతుంది, అంతే. బటన్ నొక్కితే బారెడు సాగే లీష్‌లు అమ్ముతున్నారు, అవి కొనకు. పటమట సందుల్లో బైకులు వచ్చే తీరుకి, కుక్క ఒక పక్కా నువ్వొక పక్కా ఉండి మధ్యలో ఆ తాడు అడ్డంగా ఉంటే ఎవడో ఒకడు పడతాడు.

మీద ఎగబడటం ఇప్పుడే మాన్పించాలి. పిల్లగా ఉన్నప్పుడు ఎగిరితే నవ్వి ఎత్తుకుని, పెద్దదయ్యాక అదే పనికి కొడితే దానికి ఏం అర్థమవుతుంది? నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే నిమరండి. ఎగిరితే చేతులు కట్టుకుని పక్కకి తిరగండి. ఇంట్లో అందరూ ఒకటే మాట వాడాలి. నువ్వు సిట్ అని, అల్లుడు కూర్చో అని, మీ అత్తగారు 'ఏయ్' అని అంటే అది ముగ్గురి మాటా వినదు. (మన ఇళ్ళల్లో పిల్లలకే కాదు, కుక్కలకీ ఇంగ్లీషు మీడియమే ఎందుకో! తెలుగులో చెప్పినా వింటాయి.)

ఇంజెక్షన్ల విషయం. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16వ వారం దాకా పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకి టీకాలు పడాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, డాక్టరు చెప్పిన బూస్టరు, ఆ పైన ఏటా. టీకాలు పూర్తయ్యేదాకా రోడ్డు మీద దింపొద్దు, పార్వో వస్తే కుక్కపిల్లలు రెండు మూడు రోజుల్లోనే పోతాయి. అలాగని ఇంట్లోనే దాచినా తప్పే. మనుషుల్నీ శబ్దాల్నీ అలవాటు చేసుకునే వయసు ఇదే. చంకన ఎత్తుకుని గేటు దాకా తిప్పు. హెల్మెట్ పెట్టుకున్న మనిషిని, గ్యాస్ బండ దొర్లించే కుర్రాణ్ణి, పిల్లల సైకిళ్ళని, ఆటో హారన్‌ని అది ఇప్పుడే చూడాలి, వినాలి. ఇప్పుడు చూడనివాటిని చూసే రేపు మొరుగుతుంది. జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల దినం) పేరుతో ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేసింది ఆ రోజునే. ఏదైనా పెద్ద జబ్బు చేస్తే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, మీకు దగ్గరే. కార్పొరేషన్ లైసెన్సు సంగతి వార్డు సచివాలయంలో అడుగు, బద్ధకించకు.

అసలు గొడవలు వచ్చేది మొరుగుడు దగ్గర. కరవడం ఎప్పుడో ఒకసారి జరిగేది, మొరుగుడు రోజూ ఉండేది. మీరిద్దరూ తొమ్మిదింటికి తాళం వేసి వెళ్ళిపోతారు. అది పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఏడుస్తూనే ఉంటుంది. మీకు వినపడదు గనక మీకది లేనట్టే. కింద ఫ్లాటులో నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాడికీ, ఇంటర్ పరీక్షలకి చదివే పిల్లకీ నరకం. వాళ్ళు వచ్చి చెప్పేదాకా ఆగకు. నాలుగు రోజులు పోనిచ్చి నువ్వే వెళ్ళి "మేం లేనప్పుడు అరుస్తోందా అండీ, ఏ టైములో?" అని అడుగు. అలా అడిగిన ఇంటి మీద ఎవరూ అసోసియేషన్‌లో కంప్లయింట్ పెట్టరు. ముందే అడగని ఇంటి మీద వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఒకసారి అక్కడికెక్కాక ఇక దిగదు.

ఒంటరిగా ఉండటం కూడా నేర్పాల్సిన విద్యే. తలుపు వేసి రెండు నిమిషాలు బయట నిలబడు, అరవకముందే లోపలికి రా. తర్వాత ఐదు నిమిషాలు, పావుగంట, అరగంట. వెళ్ళేటప్పుడు ముద్దులూ బైబైలూ వద్దు, వచ్చాక కూడా చెప్పులు విప్పి నీళ్ళు తాగాకే పలకరించు. టీకాలయ్యాక, పొద్దున బాగా నడిపించి, తిండి పెట్టి వెళితే పడుకుంటుంది. బాల్కనీలో మాత్రం కట్టెయ్యొద్దు. కింద వెళ్ళే ప్రతి తోపుడుబండినీ, పిల్లినీ చూసి అరుస్తుంది, పైగా విజయవాడ ఎండ. రోజంతా గొలుసుతో కట్టేసి తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. పిల్లదాన్ని రోజూ ఎనిమిది గంటలు ఒంటరిగా వదలడం కుదిరే పని కాదు. మధ్యాహ్నం వచ్చి చూసే మనిషిని మాట్లాడుకోండి, లేదా ఇద్దరిలో ఒకరు ఇంటినుంచి పని చేసే రోజులు చూసుకోండి. అదీ కుదరదంటే ఇప్పుడే చెప్పు, ఇంకా చిన్నదే కాబట్టి మా ఇంటికి తెచ్చేసుకుంటాం.

ఇక పొద్దున్న వాకింగు. మీ సందులో ఇంకా ఇండిపెండెంట్ ఇళ్ళున్నాయి. ఇల్లాలు చీకటితోనే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గేసి లోపలికి వెళుతుంది. ఐదు నిమిషాలకి మీవాడు వెళ్ళి సరిగ్గా అక్కడే కాలెత్తుతాడు. ధనుర్మాసంలో అయితే గొబ్బెమ్మల మీదే. ఆవిడ తిట్టిందంటే తప్పు ఆవిడది కాదు. బయటికి రాగానే ముగ్గుల వైపు కాకుండా అవతలి పక్కన నడిపించు, ఖాళీ స్థలం చేరేదాకా లీష్ కురచగానే ఉంచు. స్కూటర్ చక్రాలు, తులసికుండీలు, ఇస్త్రీ బండి, ఇవేవీ దాని మరుగుదొడ్డి కావు.

దొడ్డికి వెళ్ళాక వదిలేసి రావడం నాకు బొత్తిగా గిట్టదు. ఖాళీ స్థలమే గదా అంటారు, కాలువ గట్టే గదా అంటారు. పొద్దున్నే చీపురు పట్టుకుని వచ్చే కార్పొరేషన్ ఆవిడ అది ఎత్తాలి. మన కుక్కది మనం ఎత్తడానికి సిగ్గుపడి ఆవిడ చేత ఎత్తించడం ఏం మర్యాద? పైగా కుక్క మలంలోంచి వచ్చే కొంకి పురుగు పిల్లలు, చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల పాదాల చర్మంలోంచి లోపలికి పోతాయి. కుక్కకి వేళకి పురుగుల మందు పట్టించడం పక్కింటి పిల్లల కోసం కూడా. పని తేలికే. కవరులోకి చెయ్యి దూర్చి పట్టుకుని ఎత్తు, కవరు తిరగేసి ముడెయ్యి. ఇంటికొచ్చి అందులోది టాయిలెట్లో వేసి ఫ్లష్ చెయ్యి, కవరు మాత్రం చెత్తలో వెయ్యి. జేబులో ఎప్పుడూ రెండు కవర్లుండాలి, ఒకటి చిరిగితే ఇంకోటి. అల్లుడికి కూడా నేర్పు, ఈ పని ఆడవాళ్ళకే వదిలేసే మగవాళ్ళని చాలామందిని చూశాను.

ఇంకో సంగతి. కార్తీకంలో మాల వేసుకున్న స్వాములుంటారు. మడి కట్టుకుని వంట చేసుకునే పెద్దవాళ్ళుంటారు. కుక్క మూతి బట్టలకి తగిలితే కడుక్కుని గాని నమాజుకి వెళ్ళనివాళ్ళుంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. "దేవుడు చేసిన జీవమే గదా" అని ఉపన్యాసం అసలే వద్దు. పక్కకి జరగడానికి మనకి ఖర్చేమీ లేదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడైనా ఎవరికైనా దాని పన్ను గీసుకుందనుకో. "ఊరికే గీరింది, టీకాలు వేయించాం లెండి" అని తేల్చెయ్యొద్దు. వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించు, గడియారం చూసి. పసుపు, కారం, సున్నం, పసరు, ఏదీ పెట్టనివ్వొద్దు. నీ బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత ఎప్పుడెప్పుడు రమ్మంటే అప్పుడల్లా వెంట వెళ్ళు, ఖర్చు నీదే. కుక్కని 10 రోజులు కనిపెట్టి చూడాలి. అయితే ఆ పది రోజులూ అయ్యాక చూద్దాంలే అని ఆ మనిషికి టీకా ఆపకూడదు, ఎందుకంటే రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. క్షమాపణ ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాలి, ఫోన్లో కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. అపార్టుమెంటు అసోసియేషన్ కుక్కల్ని పెంచొద్దని గాని, లిఫ్టు ఎక్కించొద్దని గాని నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది. అది చూపించి ఎవరి నోరూ మూయించకు. అదే మార్గదర్శకాల్లో యజమాని శుభ్రం చేయాలనీ ఉంది. కుక్కని అజాగ్రత్తగా వదిలి ఎదుటివాళ్ళకి అపాయం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. కాగితాలు తీసే దాకా వచ్చిందంటే ఇరుగుపొరుగు సంబంధం ఎలాగూ పోయినట్టే.

వీధి కుక్కల మీద జాలి పడి గేటు ముందు అన్నం పెట్టకు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెట్టే చోటు, వేళ అసోసియేషన్‌తో కలిసి నిర్ణయించుకోవాలి. పిల్లలు ఆడుకునే చోటూ, మెట్ల దగ్గరా, గేటు దగ్గరా కాకూడదు. చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్క అని గుర్తు. అది లేనివాటి సంగతి కార్పొరేషన్‌కి చెప్పు.

ఎండాకాలం ఆరున్నరకల్లా వాకింగు అయిపోవాలి, సాయంత్రం చీకటి పడ్డాకే. తారు రోడ్డు మీద అరచెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడు, ఆగలేకపోతే దాని పాదాలూ కాలుతాయి. మరీ రొప్పుతూ, చిక్కగా చొంగ కారుస్తూ తూలితే వడదెబ్బ. మామూలు నీళ్ళతో తడిపి (ఐసు కాదు) డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. దీపావళి రాత్రి కిటికీలు మూసి టీవీ పెట్టి లోపలి గదిలో ఉంచండి. కాల్చేవాళ్ళతో పోట్లాట వద్దు, వాళ్ళ పండగ వాళ్ళది.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ వద్దు, ఉడికిన కోడి ఎముకలు వద్దు. వాచ్‌మన్ పిల్లలు ముచ్చటపడి బిస్కెట్లు పెడుతుంటారు, కసురుకోకుండా చెప్పు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బ్రూనోని కూడా తీసుకురండి. టీకాల పుస్తకం మర్చిపోకు, మా ఎదురింట్లో చంటిపిల్ల ఉంది, వాళ్ళు అడగకముందే చూపిద్దాం. మా ముసలి కుక్క దాన్ని మొదటి రోజు రానివ్వకపోవచ్చు, అందుకని వరండాలో వేరే చోటు చూసి ఉంచుతాను. కారులో వచ్చేరోజు పొద్దున దానికి కడుపు నిండా పెట్టకు, మంగళగిరి దాటేలోపే కక్కేస్తుంది.

మీ పెదనాన్న