ఆ మూట సంగతి ఇంకాస్త రాయి

తమ్ముడూ,

నీ కథ చదివాను. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) వచ్చిన నాయనమ్మ, ఆమెను చూసి కుమిలిపోయే కొడుకు, చివర్లో ఆమె "నువ్వెవరు బాబూ" అనగానే ఇంటిల్లిపాదీ ఏడుపు. నాకూ కళ్లు చెమర్చాయి, కాకపోతే అది కొడుకు మీద జాలితోనే. నాయనమ్మ మనసులో ఏముందో కథ మొత్తం మీద ఒక్క ముక్క లేదు, అదే నాకు బాధేసింది.

ఇంగ్లీషు రచయిత్రి ఎమ్మా హీలీ రాసిన, 2014లో అచ్చయిన 'ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్' నవల దొరికితే చదువు. అందులో కథ చెప్పేది జబ్బు ఉన్న ముసలావిడే. స్నేహితురాలు కనబడటం లేదని చీటీలు రాసుకుని దగ్గర పెట్టుకుంటుంది, అవి చూసుకుని మళ్లీ వెతకడం మొదలెడుతుంది, కూతురికేమో విసుగు. బయటినుంచి చూస్తే అదంతా చాదస్తమే, కానీ మనం ఆవిడ లోపల ఉన్నాం కాబట్టి, ఒక మనిషి కనబడకపోతే వీళ్లెవరికీ పట్టదేంటని మనకే టెన్షన్ పుడుతుంది. నిన్నటిది గుర్తులేని ఆవిడకి రెండో ప్రపంచ యుద్ధం అయిన కొత్తల్లో మాయమైన అక్క మాత్రం కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది, జబ్బు తీరు కూడా చాలామందిలో అలాగే ఉంటుంది.

ఇప్పుడు నీ కథలోకి రా. పొద్దు వాలేసరికి నాయనమ్మ చీరలు మూట కట్టుకుని "మా ఇంటికి పోతా" అంటుంది, కొడుకు "ఇదే కదమ్మా మీ ఇల్లు" అంటాడు, నువ్వు అక్కడితో వదిలేశావు. అసలు కథ అక్కడే ఉందయ్యా! ఏ ఇంటికి పోదామనుకుంటోంది? పాలు పితికే వేళయిందా, బడినుంచి పిల్లలు వచ్చేస్తారనా? సాయంత్రం పూట ఈ కంగారు ఎక్కువవడం డాక్టర్లకూ తెలిసిన సంగతే, కానీ ఆమె దృష్టిలో అది జబ్బు కాదు, ఇంటికి చేరడం ఆలస్యమైపోతోంది, అంతే. ఆ తొందర పాఠకుడికీ పట్టుకుంటే, రేపు తన ఇంట్లో పెద్దావిడ అడిగిందే అడిగినప్పుడు కసురుకోబోయి ఆగుతాడేమో. జాలి ఒక్కటే ఆ పని చెయ్యలేదని నా నమ్మకం.

ఇంకో మాట. అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) ఉన్నవాళ్లకి ఏడిపించే సినిమా ముక్కలు చూపించి, అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్లు 2014లో ఒక పరిశీలన రాశారు: చూసింది మర్చిపోయాక కూడా ఆ దిగులు వాళ్లని వదల్లేదు. నీ కథలో మనవడు పొద్దున కసురుతాడు చూడు, ఆ మాట ఆమెకి గుర్తుండదు, కానీ మధ్యాహ్నం అన్నం ఎందుకు సయించడం లేదో తెలియక కంచం ముందు కూర్చుంటుంది. అది రాయి. డాక్టరు వచ్చి జబ్బు గురించి వివరించే పేజీ మాత్రం తీసెయ్. మూట సీను ఆమె వైపునుంచి తిరగరాసి పంపు, చదువుతాను.