టర్కీ వండటం ఆదివారమే మొదలుపెట్టండి

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ఇంట్లోనే టర్కీ (కోడి కంటే బాగా పెద్ద పక్షి) వండాలనుకునే, అక్కడికి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు ముందుగా అడిగేది ఏ మసాలా పట్టించాలని. మసాలా సంగతి తరువాత చూసుకోవచ్చు. మొదటిసారి వండేవారిని ఇబ్బంది పెట్టేది గడ్డకట్టిన టర్కీ కరగడానికి పట్టే సమయం.

గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్‌లో ఉంచితే ప్రతి 4 లేక 5 పౌండ్లకు ఒక రోజు చొప్పున కరుగుతుంది. అంటే 12 పౌండ్ల టర్కీకి దాదాపు మూడు రోజులు కావాలి కనుక, ఆదివారం నాడే దాన్ని లోతైన పళ్లెంలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. వంటగట్టు మీద వదిలేస్తే లోపల ఇంకా మంచు ఉండగానే పైభాగం వెచ్చబడి, అక్కడ సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఆలస్యమైతే నీరు చొరబడని సంచిలో కట్టి చల్లటి నీటిలో ముంచి, అరగంటకోసారి నీరు మారుస్తూ ఉండాలి. పౌండుకు అరగంట చొప్పున 12 పౌండ్లకు ఆరు గంటలు పడుతుంది, అలా కరిగించినదాన్ని వెంటనే వండాలి.

పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్లు పోసి కడగనిదే కోడి పొయ్యి ఎక్కని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. అయినా టర్కీని కడగవద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే మాట పాటించండి, ఎందుకంటే అంత పెద్ద పక్షిని సింకులో కడిగితే ఆ నీటి తుంపరలు పక్కనున్న గిన్నెల మీద, కూరగాయల మీద పడతాయి, క్రిములను చంపే పని ఎలాగూ ఓవెన్ వేడి చేస్తుంది. కాగితపు తువ్వాలుతో తడి అద్దితే చాలు. తోలు ఎంత పొడిగా ఉంటే అంత బాగా ఎర్రబడుతుంది. లోపల మెడ ముక్కనూ, కందనకాయ, గుండె వంటివి ఉన్న చిన్న సంచినీ పెట్టి అమ్ముతారు కాబట్టి రెండు వైపులా చేయి పెట్టి చూసి తీసేయండి.

అల్లం వెల్లుల్లి ముద్దను తోలు పైన పూస్తే మూడు గంటల వేడికి మాడి చేదెక్కుతుంది. దాన్ని వెన్నలో కలిపి, రొమ్ము భాగంలో తోలును మెల్లగా వేళ్లతో వదులు చేసి దాని కింద పట్టించండి. కొన్ని టర్కీలకు ముందే ఉప్పునీరు ఎక్కించి అమ్ముతారు; చీటీ మీద ఆ మాట కనిపిస్తే ఉప్పు బాగా తగ్గించాలి.

మన ఇళ్లలో ఓవెన్ చాలాసార్లు బాణళ్లు దాచుకునే అర అవుతుంది. బుధవారమే దాన్ని ఖాళీ చేసి, మీ పళ్లెం అందులో పడుతుందో లేదో చూసుకోండి. లోపల ఏమీ కూరని 12 పౌండ్ల టర్కీ 325 ఫారెన్‌హీట్ డిగ్రీల వద్ద సుమారు మూడు గంటల్లో ఉడుకుతుంది. ఉడికిందని రంగు చూసి నిర్ణయించకండి. ఉడికినా ఎముక దగ్గర మాంసం గులాబీ రంగులో ఉండవచ్చు, పైన ఎర్రగా వేగినా లోపల పచ్చిగా ఉండవచ్చు. మాంసం థర్మామీటరు ఒకటి తప్పక కొనండి. ఎముకకు తగలకుండా తొడ లోపలి భాగంలోనూ, రొమ్ములో దళసరి చోటా, రెక్క దగ్గరా గుచ్చి చూసినప్పుడు అన్నిచోట్లా 165 డిగ్రీలు చూపాలి. బయటికి తీశాక అరగంట అలాగే వదిలి కోస్తే రసం మాంసంలోనే నిలుస్తుంది.

శాకాహారులైన అతిథులు వస్తుంటే వారి వంటకాలను వేరే పాత్రల్లో, వీలైతే టర్కీ ఓవెన్‌లోకి వెళ్లకముందే చేసి పెట్టండి. రొట్టె ముక్కలతో చేసే స్టఫింగ్ చూడటానికి శాకాహారంలాగే ఉంటుంది గాని తరచుగా మాంసపు రసంతో చేస్తారు. అడగకముందే ఆ సంగతి వారికి చెప్పడం మర్యాద.

మిగిలిన మాంసాన్ని రెండు గంటల్లోపు ఎముకల నుంచి విడదీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు వాడుకోవచ్చు. పులావులో వేయదలిస్తే బియ్యంతో పాటు కాక, అన్నం దాదాపు ఉడికాక కలిపి బాగా వేడెక్కనివ్వండి. ఒకసారి ఉడికిన మాంసం మళ్లీ అంతసేపు ఉడికితే పీచుపీచుగా అవుతుంది.