వైన్ గురించి తెలియకపోయినా నాసిక్ వెళ్లొచ్చా? తిండి ప్రియులైతే తప్పకుండా

ఇద్దరం తిండి ప్రియులమే, వైన్ గురించి ఏమీ తెలియదు, వరంగల్ నుంచి మహారాష్ట్రలోని నాసిక్ దాకా పోయి వైన్ తయారుచేసే వైనరీలు చూడటం దండగేమో అని అడిగారు కదా. దండగ కాదండి. అంకాపూర్ కోడికూర కోసం ఆర్మూర్ దాకా బండేసుకుని పోయే జనం మనం, నాసిక్ పోవడానికి ముందే వైన్ నేర్చుకోవాల్సిన పనేముంది? నాది హన్మకొండ, నేను కూడా అక్కడికి తిండి మీద ఇష్టంతోనే పోయాను.

జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వెళ్లండి. ఐరోపాలో సెప్టెంబర్ ప్రాంతంలో ద్రాక్ష కోత మొదలైతే, నాసిక్‌లో వానలు తగ్గాక తీగలు కత్తిరిస్తారు కాబట్టి పండు చలికాలం చివరికి చేతికొస్తుంది. వానాకాలంలో కొండలు పచ్చగా బాగానే ఉంటాయి గానీ తోటలో పండు ఉండదు, లోపల ద్రాక్ష పిండే పనీ జరగదు.

తోటలో అడిగితే రెడ్ వైన్ చేసే షిరాజ్ రకం ద్రాక్ష పండు ఒకటి కోసిస్తారు, దాన్ని మెల్లగా తినండి. మనం బజార్లో కొనే గింజల్లేని ద్రాక్ష కంటే చిన్నది, తోలు మందం, లోపల గింజలు, తీపి మాత్రం చాలా ఎక్కువ. వేళ్లతో నలిపితే కారే రసానికి దాదాపు రంగే ఉండదు, తోలు నమిలితే మాత్రం నాలుక ఎర్రబడి బుగ్గల లోపల ఆరిపోయినట్టవుతుంది. రెడ్ వైన్‌కి రంగూ వగరూ ఆ తోలు నుంచే వస్తాయి, అందుకే దాన్ని తోలుతో సహా పులియబెడతారు. ట్యాంకుల గదిలోకి పోగానే ఈత కల్లు పులుస్తున్న వాసన గుర్తొస్తుంది, జరిగేది కూడా అదే, కాకపోతే ఇక్కడ ఎక్కువ వేడెక్కకుండా చూస్తూ పులవనిస్తారు.

ఈ వగరు సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్లు నాన్‌వెజ్ అనగానే రెడ్ వైన్ తెమ్మంటారు. మన కారానికి ఆ వగరు తోడైతే నోరు ఇంకా మండుతుంది, కూర రుచీ పోతుంది, వైన్ రుచీ పోతుంది. కారం కూరకి కొంచెం తీపి ఉండే షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ బాగా చల్లగా అడగండి. మన వరంగల్ చపాటా మిర్చి ఉంది కదా, 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, దానికి రంగెక్కువ, కారం తక్కువ. ఆ మిర్చితో వండిన మటన్‌కి మాత్రం షిరాజ్ వైన్ చక్కగా కుదురుతుంది, ఇంట్లో వండి చూశాను.

ఇంకో మాట, సంక్రాంతికి చేసిన సకినాలు కొన్ని డబ్బాలో పెట్టుకుపోండి. వైనరీల్లో బయటి తిండి తిననివ్వకపోవచ్చు, రూంలోనే తినండి. స్పార్క్‌లింగ్ వైన్ ఒక గుక్క, నువ్వులూ వామూ తగిలే సకినం ఒక ముక్క. ఉప్పగా కరకరలాడే వేపుళ్లకి ఆ పులుపూ బుడగలూ ఎంత బాగుంటాయో తిన్నాకే తెలుస్తుంది, దీనికోసమే మళ్లీ పోతాను నేనైతే.

పొద్దున ఊళ్లో మిసల్ పావ్ (మొలకల కూర, పావ్ రొట్టె) తినండి, పెరుగూ అప్పడంతో పెడతారు, దాని పులుసు, అంటే రస్సా, కారంగా ఉంటుంది. ఆ తర్వాతే వైనరీకి, రోజుకి ఒకటి, మహా అయితే రెండు, అంతకు మించితే నాలుకకి ఏమీ తెలియదు. సులా అనే వైనరీ పెద్దది, మొదటిసారికి టూర్ బాగుంటుంది, కానీ శని ఆదివారాలు జాతరలా జనం. గంగాపూర్ డ్యాం వైపు ఉన్న యార్క్ వైనరీ దానికంటే చిన్నది, కూర్చుని మాట్లాడుతూ తినడానికి నాకు అదే నచ్చింది.

రైలు సికింద్రాబాద్‌లోనో నిజామాబాద్‌లోనో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాసిక్ రోడ్‌లో దిగండి. వైనరీలు ఊరి బయట ఉంటాయి, తిరుగు ప్రయాణానికి ఆటో దొరకడం కష్టం కాబట్టి క్యాబ్ రానూపోనూ మాట్లాడుకోండి. బాటిళ్లు ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే రాష్ట్రం దాటించడానికి ఎక్సైజ్ రూల్స్ ఏంటో కొనే ముందే కనుక్కోండి.