చెయ్యి తెగేది టిన్ కోసేటప్పుడు కాదు, మూత ఎత్తేటప్పుడు

"ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను, పైనాపిల్, చెర్రీ టిన్లు తరచూ తెరవాల్సి వస్తుంది. చేతికి నొప్పి లేకుండా, తెగుతుందన్న భయం లేకుండా వాడుకునే టిన్ ఓపెనర్ ఏది?" అని అడిగారు. నేను కేకులు చెయ్యను గానీ, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేశాను. డబ్బాకు మూత ఎలా బిగిస్తారో దగ్గరుండి చూసినదాన్ని. అందుకని గట్టిగా చెబుతున్నాను: పక్కనుంచి కోసే ఓపెనర్ కొనండి. బ్లేడు పైనుంచి మూతలోకి దిగే రకం ఎంత ఖరీదైనదైనా వద్దు.

ఈ పట్టుదల మా అక్క వల్ల వచ్చింది. తిరుపతిలో ఉంటుంది, మీలాగే ఇంట్లో కేకులు చేస్తుంది. కీళ్ళవాతంతో వేళ్ళు వాచి ఉంటాయి, పొద్దున లేవగానే పిడికిలి కూడా సరిగ్గా ముడవలేదు. ఒక డిసెంబర్ 31న సాయంత్రం సాయానికని వెళ్ళాను. హాల్లో, మంచం మీద, ఫ్రిజ్ పైన ఎక్కడ చూసినా కేకు డబ్బాలే. అక్క పైనాపిల్ టిన్ తెరుస్తోంది. చేతిలో అందరి ఇళ్ళల్లో ఉండే ఆ చిన్న స్టీలు బటర్‌ఫ్లై ఓపెనర్. ఒక చేత్తో రెండు పిడులూ కలిపి నొక్కి ఉంచాలి, రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ పెట్టి ఆ రెక్క తిప్పాలి. కీళ్ళు నొప్పి ఉన్నవాళ్ళకు ఇంతకంటే శిక్ష లేదు. పట్టు కొంచెం సడలగానే చక్రం అంచు మీదనుంచి ఎగిరిపోయింది. మళ్ళీ పెట్టి తిప్పింది, మళ్ళీ ఎగిరింది. మూత చుట్టూ తెగినట్టే కనిపించింది గానీ రెండు చోట్ల అతుక్కునే ఉంది. చెంచా కాడతో ఒక పక్క లేపి, వేళ్ళతో పట్టుకుని లాగింది. అతుకు ఒక్కసారిగా తెగి మూత స్ప్రింగులా పైకి లేచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే మెత్తటి కండ నిలువునా చీరుకుపోయింది.

పంచదార పాకం గాయంలోకి కారుతుంటే ఎంత మండి ఉంటుందో! అక్క మాత్రం చెయ్యి సింకులో పెట్టి, "ఏమే, ముందు ఆ క్రీమ్ ఫ్రిజ్‌లో పెట్టు, కరిగిపోతుంది" అంది. ఆసుపత్రిలో కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. నరాలకేం కాలేదని డాక్టర్ చెప్పేదాకా బావకు ఒకటే టెన్షన్. మిగిలిన ఆర్డర్లు నేనూ అక్క కూతురూ కలిసి పూర్తిచేశాం. ఆ టిన్‌లో ముక్కలన్నీ పారబోశాం.

మర్నాడు చెత్తబుట్టలోంచి ఆ డబ్బా తీసి కడిగి, కిటికీ దగ్గర వెలుతుర్లో పట్టుకుని చూశాను. చక్రం ఎగిరినచోట రెండు కోతలు కలవలేదు. వాటి మధ్య రేకు కోసుగా మొన తేలి లోపలికి వంగి ఉంది. అంచు లోపలి వైపు వెంట్రుక మందాన ఇనప పీచు వేలాడుతోంది. వేలితో తాకితే ఊడి వచ్చింది. అక్క చెయ్యి తెగకపోయి ఉంటే ఆ పీచు క్రీమ్‌లో కలిసి ఎవరో పిల్లాడి నోట్లోకి వెళ్ళేది. చెయ్యి గాయం కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

ఇప్పుడు పక్కనుంచి కోసేదే ఎందుకంటున్నానో చెబుతాను. డబ్బా అంచున చేతికి లావుగా తగిలే గట్టును మేం డబుల్ సీమ్ అంటాం. మూత అంచునూ డబ్బా గోడ అంచునూ ఒకదానిలో ఒకటి కొక్కెం పడేట్టు మడిచి, రెండు విడతల్లో నొక్కుతారు. అంత చిన్న గట్టులో ఐదు పొరల రేకు ఉంటుంది, మూడు మూతవి, రెండు డబ్బావి. మధ్యలో గాలి చొరబడకుండా రబ్బరులాంటి కాంపౌండ్. సీజన్‌లో గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, లోపల నేను మెషీన్ మీదనుంచి వచ్చే డబ్బాల్లో కొన్ని తీసి, సీమ్ కోసి, కొక్కేలు ఒకదానిమీద ఒకటి ఎంతమేర ఎక్కాయో మైక్రోమీటర్‌తో కొలిచేదాన్ని. అక్కడ కొంచెం తేడా వచ్చినా గుజ్జు పాడైపోతుంది.

పక్కనుంచి కోసే ఓపెనర్ ఈ ఐదింటిలో అన్నిటికంటే బయట ఉన్న ఒక్క పొరనే కోస్తుంది. కొక్కెం పట్టు పోతుంది, మూత గట్టుతో సహా పైకి వచ్చేస్తుంది. పైనుంచి కోసిన మూతకు ఉండే కత్తిలాంటి అంచు దీనికి ఉండదు. మూత పాకంలో మునగదు, కోసే చక్రం లోపలి పదార్థానికి తగలదు. ఎప్పుడో తుడిచిన చక్రాన్ని పైనాపిల్ ముక్కల్లో ముంచడం మానేస్తే చాలు, సగం శుభ్రత వచ్చినట్టే. దీనికో చిన్న లోటు ఉంది: మూతను లోపలికి నొక్కి పాకం వంపుకోవడం కుదరదు. జల్లెడ వాడండి. డబ్బా వైపు మిగిలిన అంచు పలచగానే ఉంటుంది కాబట్టి దానిమీద వేలు పెట్టి జరపకండి.

స్టీలు సామాన్ల షాపులో అడిగితే మాత్రం ఇది ఇవ్వరు. టిన్‌లో పొడిచి, ఎత్తి ఎత్తి కోసే ఆ కొక్కెం కత్తే చేతిలో పెడతారు. ఇంగ్లండ్‌లో రేకు డబ్బాకు పేటెంట్ వచ్చింది 1810లో. అప్పట్లో ఉలీ సుత్తీ పెట్టి పగలగొట్టుకునేవారు. అమెరికాలో ఎజ్రా వార్నర్ 1858లో పొడిచి కోసే ఓపెనర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1870లో విలియం లైమన్ తిరిగే చక్రం తెచ్చాడు. చక్రం వచ్చి నూట యాభై ఏళ్ళు దాటినా మనకు ఇంకా పొడిచే కత్తులే అమ్ముతున్నారంటే నాకు కోపం వస్తుంది. ఇంకా కోపం తెప్పించేది కూరగాయల కత్తి మొనతో టిన్‌లో పొడవడం. కత్తి జారిందంటే ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? వీడియోల్లో నవ్వుతూ చేసి చూపిస్తున్నారు, పిల్లలు అదే నేర్చుకుంటారు.

నొప్పి సంగతికి వస్తే, తిప్పే పిడి పొడవుగా ఉండాలి. పిడి ఎంత పొడవైతే వేళ్ళమీద భారం అంత తగ్గుతుంది. రెండు వేళ్ళతో చిటికెలా కాకుండా అరచేయంతా పెట్టి తిప్పగలగాలి. ఒకసారి అంచు పట్టుకున్నాక పిడులు నొక్కి ఉంచాల్సిన అవసరం లేనిది దొరికితే మరీ మంచిది. ఓక్సో అనే కంపెనీ 1990లో మొదలైందే ఇలాంటి ఇబ్బంది నుంచి. సామ్ ఫార్బర్ అనే ఆయన భార్య బెట్సీకి కీళ్ళవాతం, తొక్క తీసే పీలర్ పట్టుకోలేకపోయేది. దాన్నుంచే వాళ్ళ లావుపాటి రబ్బరు పిడులు పుట్టాయి. వంటింటి సామాను తయారుచేసే ప్రతివాళ్ళూ ముందు మా అక్కలాంటి చేతుల గురించి ఆలోచించాలి. ఆ చేతులకు సుఖంగా ఉన్నది అందరికీ సుఖంగానే ఉంటుంది.

ఇంకో మాట, మిగిలిన పైనాపిల్‌ను డబ్బాతోనే ఫ్రిజ్‌లో పెట్టకండి. పులుపు ఉన్న పదార్థం, గాలి తగిలిన రేకు, రెండూ కలిస్తే లోహపు రుచి వస్తుంది. గాజు సీసాలోకి మార్చండి. ఓపెనర్‌ను కూడా వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, ఆరబెట్టి పెట్టండి, లేకపోతే చక్రం తుప్పు పడుతుంది.

అక్కకు ఇప్పుడు పక్కనుంచి కోసేదే కొనిచ్చాను. మొదట్లో పాత అలవాటుకొద్దీ నిలబెట్టి పట్టుకునేది. దాన్ని డబ్బా మూత మీద అడ్డంగా పడుకోబెట్టాలి, చక్రం గట్టును బయటినుంచి పట్టుకోవాలి. ఒక చుట్టు పూర్తయ్యాక మొదలుపెట్టిన చోటు కొంచెం దాటితే చాలు. రెండో చుట్టు తిప్పితే ఇనప పీచు లేస్తుంది. సీమ్ దగ్గర సొట్ట పడిన టిన్‌కు ఇది సరిగ్గా పట్టదు, అలాంటి టిన్ అసలు కొనకండి. మీది ఎడమచేతి వాటమైతే కొనేముందు ఒక టిన్ సంచిలో వేసుకెళ్ళి షాపులోనే తిప్పి చూడండి, చాలా ఓపెనర్లు కుడిచేతివాళ్ళ కోసమే చేస్తారు. ఇక డబ్బా ఉబ్బి ఉంటే ఏ ఓపెనర్‌తోనూ తెరవద్దు, అలాగే పారేయండి.