కుక్క వల్ల మా ఇంటికి ఎవరూ రావడం లేదు, నేనెక్కడికీ వెళ్లలేకపోతున్నా

ప్రశ్న: మాది విశాఖలో ఎంవీపీ కాలనీ, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మూడేళ్ల క్రితం వానలో తడుస్తున్న కుక్కపిల్లను మా బాబు ఇంటికి తెచ్చాడు. అప్పటికే దానికి నాలుగైదు నెలలుంటాయి. లడ్డూ అని పేరు పెట్టాం. మాతో ప్రాణంగా ఉంటుంది. కానీ బయట ఇంకో కుక్క కనిపించినా, పక్కన స్కూటర్ ఆగినా, లిఫ్ట్‌లో ఎవరైనా ఎక్కినా మీదికి ఎగబడుతుంది. ఎవరూ ఉండరని తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి తిప్పుతున్నాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ కంప్లయింట్లే. మావారు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసి వచ్చి పడుకుంటారు, ఇది అరిస్తే చెప్పుతో కొడతారు, ఎవరికైనా ఇచ్చెయ్ అంటారు. అత్తగారు గదిలోంచి హాల్లోకి రావడానికే భయపడుతున్నారు. మొన్న అది నిద్రపోతుంటే బాబు వాటేసుకున్నాడు, గుర్రుమంది. వచ్చే నెల విజయనగరంలో మా అక్క కూతురి పెళ్లి, రాలేనని చెప్పేశాను. ఒక్కోసారి ఇది చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది, అలా అనుకున్నందుకు బాత్రూంలో కూర్చుని ఏడుస్తాను. నేనేం చేయాలి?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: మీరు చివర రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ గబగబా రాసేసి ఆ ఒక్కటి రాయడానికి మీకు చెయ్యి ఆడి ఉండదు. అది చచ్చిపోతే బాగుండు అనిపించినంత మాత్రాన మీరు రాతిగుండె మనిషి అయిపోరమ్మా. ఏళ్ల తరబడి మంచం పట్టిన పెద్దవాళ్లకు సేవ చేసే కోడళ్లకూ కూతుళ్లకూ కూడా ఈ ఆలోచన వస్తుంది, ఎవరూ పైకి చెప్పుకోరు. రేపు కూడా ఇలాగే తెల్లారుతుంది కదా అన్న అలసట నుంచి వచ్చే మాట అది. లడ్డూ మీద ప్రేమ లేకపోతే నాలుగున్నరకు లేచేవారే కాదు.

మీ ఉత్తరం మళ్లీ చదివితే నాకు ఇంకొకటి కనిపించింది. కుక్కను తెచ్చింది బాబు. పెంచుకుంటున్నది ఇంటిల్లిపాదీ. సారీ చెప్పేది మాత్రం మీరొక్కరే. లిఫ్ట్‌లో ఎక్కినవాళ్లకు మీరే చెప్పాలి, వాట్సాప్‌లో మీరే చెప్పాలి, నిద్ర చెడిందని మీవారికి, భయపడ్డారని అత్తగారికి, పెళ్లికి రాలేనని అక్కకు, ఆఖరికి మనసులో అనుకున్న మాటకు ఆ కుక్కకు కూడా మీరే. దాని అరుపుల కన్నా మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తున్నది ఇదేనని నాకనిపిస్తోంది. కుక్క మారడానికి నెలలు పడుతుంది, కొంతవరకే మారుతుంది కూడా. ఈ పద్ధతి మాత్రం ఈ వారమే మారాలి.

అసలు అది ఎందుకలా చేస్తుందో ఇంట్లో అందరికీ ఒకే రకంగా అర్థమైతే సగం గొడవ తగ్గుతుంది. లడ్డూకి పొగరు లేదు, భయం ఉంది. కుక్కపిల్లలకు దాదాపు మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు ఒక దశ ఉంటుంది. ఆ రోజుల్లో మంచిగా పరిచయమైన మనుషులు, కుక్కలు, శబ్దాలు దానికి జీవితాంతం మామూలు విషయాలవుతాయి. అప్పుడు పరిచయం కానివి తర్వాత కొత్తగా, ప్రమాదంగా తోస్తాయి. మీ ఇంటికి వచ్చేటప్పటికే ఆ దశ దాటిపోయింది. ఈ గుణం మీ పెంపకం వల్ల వచ్చింది కాదు, ఎవరైనా ఆ మాటంటే నెత్తిన వేసుకోకండి.

ఈసారి లిఫ్ట్‌లో దాన్ని గమనించండి. అరుపు మొదట వచ్చేది కాదు, చివర వచ్చేది. లిఫ్ట్ రెండో అంతస్తు దగ్గర నెమ్మదించగానే, తలుపు ఇంకా తెరుచుకోకముందే, చెవులు వెనక్కి వాలిపోతాయి, ఏమీ తినకుండానే మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల పక్కకు తిప్పుకుని కళ్లు మాత్రం తలుపు మీదే పెడుతుంది, అప్పుడు కంటి కొసన తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా పారిపోయే దారి లేదు గనక ఎగబడుతుంది. అదే నిమిషంలో మీ చేతిని కూడా చూసుకోండి, తాడు రెండు చుట్లు చుట్టి బిగించి ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు. మీ టెన్షన్ దానికి తెలుస్తుంది. మూడో అంతస్తే కాబట్టి, మీ మోకాళ్లు సహకరిస్తే కొన్నాళ్లు లిఫ్ట్ మానేసి మెట్లు వాడండి.

ఇలాంటి కుక్కలకు ఒక దూరం ఉంటుంది. అంతకన్నా దూరంలో ఇంకో కుక్క కనిపిస్తే చూస్తుంది గానీ మీ చేతిలోది కూడా తింటుంది. దగ్గరికొస్తే చికెన్ ముక్క పెట్టినా ముట్టదు. ఆ దూరం ఎంతో కనిపెట్టి, అక్కడ నిలబడి, ఇంకో కుక్క కనిపించిన ప్రతిసారీ లడ్డూకి వెంటనే ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టండి, కనిపించకుండా పోతే ఆపేయండి. వారాలు గడిచే కొద్దీ ఇంకో కుక్క కనిపిస్తే లడ్డూ మీ వైపు తిరగడం నేర్చుకుంటుంది. దీనికి అటూ ఇటూ తప్పుకోవడానికి చోటున్న వెడల్పాటి రోడ్డు కావాలి. అలవాటవుతుంది కదా అని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లకండి, పొద్దున్నే అక్కడుండే వాకర్లు, వీధికుక్కల గుంపుల మధ్య మీరు సంపాదించింది ఒక్క రోజులో పోతుంది. ఒకసారి బాగా బెదిరిందంటే ఆ రోజుకి బయట తిప్పడం తగ్గించండి, ఆ కంగారు గంటలో దిగేది కాదు. ఇంట్లోనే పాత టవల్‌లో బిస్కెట్ ముక్కలు చుట్టిపెట్టి వెతుక్కోమనండి, వాసన పట్టే పనిలో పడితే దానికీ మనసు కుదురుతుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించండి, వ్యాక్సిన్ వేయించుకుని వచ్చేయకుండా చెవులు, పళ్లు, కీళ్లు అన్నీ చూడమనండి. మన ఊరి ఉక్కపోతకు చెవుల్లో ఇన్ఫెక్షన్లు వస్తుంటాయి, గోమార్ల జ్వరమూ ఉంది. నిద్రలో ముట్టుకుంటే గుర్రుమందంటే ఎక్కడో నొప్పి ఉండొచ్చు. భయం మరీ ఎక్కువైతే ఫ్లూక్సెటిన్ లాంటి మందులు కుక్కలకూ వాడతారు, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మందంటే పిచ్చి ముదిరిందని ఎవరో అంటారు, పట్టించుకోకండి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర మాత్రం సొంతంగా వేయకండి.

ఈ పేరా మీవారికి చదివి వినిపించండి. అయ్యా, నైట్ షిఫ్ట్ చేసి అంత దూరం నుంచి ఇంటికొచ్చి పడుకున్న మనిషికి కుక్క అరుపు ఎంత నరకమో నాకు తెలుసు, మీ కోపంలో న్యాయముంది. కానీ చెప్పుదెబ్బ దాని భయాన్ని పెంచుతుంది. మనుషులొస్తే దెబ్బ పడుతుందని అది నేర్చుకుంటుంది, తర్వాతిసారి ఇంకా ముందే అరుస్తుంది. దెబ్బలకు గుర్రుమనడం మానేసిన కుక్క మరీ ప్రమాదం, హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది. కాబట్టి చెప్పు ఈ రోజే మానేయండి. పగలు పడుకునే రోజుల్లో మీ గది తలుపేసి ఫ్యాన్ పెంచుకోండి, ఆ కాసేపు లడ్డూ వీధి కనిపించని గదిలో ఉంటుంది. షిఫ్టు కుదిరిన రోజుల్లో రాత్రి తిప్పే పని మీది. వాట్సాప్‌లో కంప్లయింట్ వస్తే మీ పేరుతో మీరే జవాబివ్వండి. ఇచ్చేద్దామా, ఉంచుకుందామా అన్నది కోపంలో ఉన్నప్పుడు మాట్లాడకండి, ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

బాబు విషయంలో సర్దుబాటు లేదు. నిద్రపోతున్న కుక్కను, తింటున్న కుక్కను ముట్టుకోకూడదు, వాటేసుకోకూడదు, పిలిస్తే అదే రావాలి. మొన్న గుర్రుమన్నందుకు దాన్ని తిట్టకండి, అది చెప్పింది గనకే బాబు చెయ్యి బాగుంది. హాలుకీ లోపలి గదులకీ మధ్య నడుమెత్తు గేటు ఒకటి పెట్టిస్తే అత్తగారు కూడా ధైర్యంగా తిరుగుతారు, ఆవిడ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయొద్దు. బయటికి తీసుకెళ్లేటప్పుడు బుట్టలా ఉండే మూతిబుట్ట వాడండి, అందులో నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. నోటికి బిగించి కట్టే గుడ్డవి మన ఎండలకు వద్దు. మొదట దానిలోపల పెరుగు రాసి నాకనివ్వండి, కొన్ని రోజులయ్యాకే కట్టండి. ఎప్పుడైనా ఎవరికైనా పన్ను గీరినా, సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్) దగ్గర్లోని మరో ఆసుపత్రికో వెంటనే వెళ్లాలి, మన కుక్కే కదా, వ్యాక్సిన్ వేయించాం కదా అని ఊరుకోకూడదు.

అపార్ట్‌మెంట్ వాళ్లతో రెండు మాటలు. పెంపుడు కుక్కలు ఉండకూడదనీ లిఫ్ట్ ఎక్కకూడదనీ అసోసియేషన్లు నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అలాగే జంతువును అజాగ్రత్తగా వదిలి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది, ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. మీకు హక్కూ ఉంది, బాధ్యతా ఉంది. కాబట్టి గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి: లడ్డూకి మనుషులంటే భయం, శిక్షణ ఇస్తున్నాం, మూతిబుట్ట వేస్తాం, మెట్లు వాడతాం, పిల్లల్ని దాని మీద చెయ్యి వేయనివ్వకండి. రోజూ కొత్తగా సారీ అక్కర్లేదు.

దీపావళి చప్పుళ్లకు, నేవీ విన్యాసాలకు యుద్ధ విమానాలు బీచ్ మీద రిహార్సల్స్ చేసే రోజుల మోతకు లడ్డూ బెదరకుండా, నెల ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

ఇవన్నీ నిజాయితీగా చేశాక కూడా ఇంట్లోవాళ్లను కరిచే పరిస్థితి వస్తే, పిల్లవాడున్న ఇంట్లో దాన్ని ఉంచలేకపోవడం పాపం కాదు. కాకపోతే దాని గుణమంతా దాచకుండా చెప్పి, పిల్లలు లేని, అనుభవమున్న ఇంటికే ఇవ్వాలి, ఏ పల్లెలోనో వదిలేసి రావడం ఇవ్వడం కిందికి రాదు. మీరు రాసినదాన్ని బట్టి అంతదాకా రాదనే నాకనిపిస్తోంది.

ఇక పెళ్లి. ఈ రోజే అక్కకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పండి. విజయనగరం ఎంత దూరమని, బండిలో గంటన్నర. బాబునీ అత్తగారినీ తీసుకుని మీరు ముందు రోజే వెళ్లండి, రాత్రికి అక్కడే పడుకోండి, నాలుగున్నరకు లేవకండి. కొత్త చోట వదిలితే లడ్డూ ఇంకా బెదిరిపోతుంది కాబట్టి ఆ రాత్రి మీవారు సెలవు పెట్టి దానితో ఇంట్లో ఉంటారు, ముహూర్తానికి వచ్చి అక్షింతలు వేసి, భోజనం చేసి వెనక్కి బయలుదేరతారు. ఎవరైనా ఆయనేరీ అని అడిగితే ఇంట్లో కుక్కను చూసుకుంటున్నారని ఉన్నదున్నట్టు చెప్పండి.