ఆ రోజు పెద్దవాడిదే కావాలి

"మాది నల్గొండ. బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. పాపకు ఏడు నెలలు. నేను కాన్పుకు వెళ్లేటప్పుడు బాబు ఏడుస్తుంటే 'చెల్లో తమ్ముడో పుట్టాక నిన్ను హైదరాబాద్‌లో ఉన్న వండర్‌లా పార్కుకు తీసుకెళ్తా' అని మాటిచ్చాను. క్లాసులో ఒక స్నేహితుడు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి రోజూ అదే అడుగుతున్నాడు. ఈమధ్య వాడు చాలా మారిపోయాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. మొన్న 'చెల్లిని ఆస్పత్రిలో ఇచ్చేసి రండి' అన్నాడు. ఏడాది నిండని పిల్లను అంత జనంలోకి తీసుకుపోవద్దని మా అత్తమ్మ అంటున్నారు. 'నేను వాణ్ని తిప్పుకొస్తాను, నువ్వు పాపతో ఇంట్లో ఉండు' అని మా ఆయన అంటున్నారు. పాప ఉగ్గు తింటున్నా నా పాలు తాగనిదే ఉండదు, సీసా ముట్టదు. నాకేమో బాబుతో వెళ్లాలని ఉంది. చంటిపిల్లను పెట్టుకుని ఇలాంటి కోరిక తప్పేమో అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?" – ఒక సోదరి

అమ్మా, వెళ్లండి. పాపను తీసుకునే వెళ్లండి. అయితే బాబు రైడ్ ఎక్కినప్పుడు వాడి పక్కన కూర్చోవలసింది మీరు. పాపను ఎత్తుకుని బయట నిలబడవలసింది మీవారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండాలి. ఎందుకో చెబుతాను.

ఆ మాట వాడికి ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు? అమ్మ తనను వదిలి ఆస్పత్రికి వెళ్తున్న పూట, అమ్మే ఇచ్చింది. అమ్మ తిరిగొచ్చింది కానీ ఒళ్లో ఇంకొకరు ఉన్నారు. రాత్రి పడుకునే చోటు మారి ఉంటుంది. అన్నం తినిపించే చేతులు మారి ఉంటాయి. 'ష్... చెల్లి పడుకుంది' అనే మాట రోజుకు ఎన్నిసార్లు వింటున్నాడో ఒకసారి లెక్క చూసుకోండి. వాడి మనసులో వండర్‌లా అంటే అమ్మతో మళ్లీ మునుపటిలా గడిపే రోజు. నాన్న తీసుకెళ్తే రైడ్లన్నీ ఎక్కుతాడు, సంతోషిస్తాడు, నిజమే. కానీ ఆ మాట మాత్రం తీరకుండా అలాగే మిగిలిపోతుంది.

నలుగురూ కలిసి వెళ్లినా ఒక పొరపాటు జరిగే వీలుంది. ఇలాంటి పార్కుల్లో ఏ చెట్టు కింద చూసినా ఒక తల్లి చంటిపిల్లను ఒళ్లో వేసుకుని, అందరి చెప్పులకూ సంచులకూ ఫోన్లకూ కాపలా కాస్తూ కనిపిస్తుంది. తండ్రీ, పెద్దపిల్లలూ క్యూలో ఉంటారు. ఇందులో ఎవరికీ తప్పు కనిపించదు, ఆ తల్లికి కూడా. మీ బాబుకు మాత్రం, రైడ్ పైకి వెళ్లి కిందికి చూస్తే కనిపించేది అమ్మ, అమ్మ ఒళ్లో చెల్లి. ఇంట్లో రోజూ వాణ్ని బాధపెడుతున్న దృశ్యం అదే కదా. దాన్ని చూడటానికి టికెట్ కొనుక్కుని అంత దూరం వెళ్లినట్టవుతుంది.

'ఆస్పత్రిలో ఇచ్చేసి రండి' అన్న మాటకు మీరు బెదిరిపోయి ఉంటారు. ఏడేళ్ల పిల్లవాడి దగ్గర ఈ బాధను చెప్పుకోవడానికి అంతకంటే మంచి మాటలు లేవు. 'తప్పు, చెల్లిని అలా అంటారా' అని కసిరితే మాట లోపలికి పోతుంది, బాధ అక్కడే ఉంటుంది. ఈసారి అన్నప్పుడు దగ్గరికి తీసుకుని 'చెల్లి వచ్చాక అమ్మ నీ దగ్గర కూర్చోవడమే లేదు, నీకు కోపం వస్తోంది కదా' అనండి. వాడి మనసులోది మీరే పైకి అంటే వాడికి సగం భారం దిగుతుంది. చెల్లిని కొట్టడం, గిల్లడం లాంటివి చేస్తే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి. కోపం రావచ్చు, కొట్టకూడదు అని రెండూ కలిపే చెప్పండి.

మీవారు చెడుగా ఆలోచించి అలా అనలేదు. మీ శ్రమ తగ్గించాలనుకున్నారు. పై సంగతంతా ఆయనకు తీరిగ్గా, బాబు లేనప్పుడు చెప్పండి. ఈ ఉత్తరాన్ని ఆయన చేత చదివించినా సరే. పాపకు పాలిచ్చి మీరు క్యూలోకి వెళ్తే, మళ్లీ ఆకలి వేసేలోపు ఆయన నిశ్చింతగా చూసుకోగలరు. డైపరు మార్చడం, ఉగ్గు పెట్టడం, ఏడిస్తే భుజాన వేసుకుని తిప్పడం ఇప్పటి నుంచే రోజూ కాసేపు అలవాటు చేసుకోమనండి. పార్కులో మొదటిసారి ప్రయత్నిస్తే ఆయనా బెంబేలెత్తుతారు, పాపా ఏడుస్తుంది, మీరు క్యూ మధ్యలోంచి పరుగెత్తుకొస్తారు. అప్పుడు బాబు ముఖం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ భయంలో నిజం ఉంది. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా మన ప్రభుత్వ పట్టిక ప్రకారం తొమ్మిది నెలలు నిండాకే మొదటి డోసు పడుతుంది. మీ పాపకు అది ఇంకా పడలేదు. అందుకని నా సలహా, ఇంకో రెండు నెలలు ఆగండి. టీకా వేయించాక రెండు వారాలు గడవనివ్వండి. రక్షణ ఏర్పడటానికి సుమారు అంత సమయం కావాలి, టీకా వల్ల వచ్చే కాస్త జ్వరం కూడా ఆలోపు వచ్చి పోతుంది. ఇప్పుడు వానలు. అప్పటికి కార్తీకం వస్తుంది, ఎండ తీవ్రత కూడా తగ్గుతుంది. ఇదంతా 'మీరు చెప్పిందే నిజం అత్తమ్మా, అందుకే ఆగుతున్నాం' అంటూ ఆవిడతో చెప్పండి. మీతో రమ్మని కూడా అడగండి. తొమ్మిదో నెలకు పిల్లలకు కొత్త ముఖాలంటే బెరుకు ఎక్కువవుతుంది, నానమ్మ దగ్గరుంటే పాపకు ధైర్యం, మీవారికి సాయం. బయలుదేరే ముందు ఆవిడ దిష్టిచుక్క పెడతానంటే పెట్టనివ్వండి.

ఆగడం అంటే బాబుకు 'తర్వాత చూద్దాంలే' అని చెప్పడం కాదు. అది వాడు ఇప్పటికే చాలాసార్లు విని ఉంటాడు. క్యాలెండర్లో ఒక తేదీ వాడి చేతే గుండ్రంగా చుట్టించండి. మామూలు పనిదినం చూసుకోండి, ఒక్కరోజు బడి మానితే రెండో తరగతి చదువుకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఆదివారాలు, రెండో శనివారాలు, సంక్రాంతి సెలవులు వద్దే వద్దు. చలికాలం నెలల్లో బడులవాళ్లు విహారయాత్రలకు బస్సుల కొద్దీ పిల్లల్ని తెస్తుంటారు కాబట్టి ముందురోజు పార్కుకు ఫోన్ చేసి రద్దీ ఎలా ఉంటుందో కనుక్కోండి. పాలివ్వడానికి గది ఉందా, పాప ఉగ్గు లోపలికి తీసుకురానిస్తారా, నీటి ఆటలు ఎన్ని గంటలకు మొదలవుతాయి అని అదే ఫోన్‌లో అడిగేయండి. సాధారణంగా బయటి తిండిని గేటు దగ్గరే ఆపేస్తారు. పసిపిల్లల ఆహారం విషయం వేరు, అయినా అడగడం మంచిది.

చాలామంది తల్లిదండ్రులు ముందుగా చూసుకోనిది ఎత్తు సంగతి. వండర్‌లాలో టికెట్ కూడా ఎత్తును బట్టే ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, పాపకు ఆ ఖర్చు రాదు. బాబుది పిల్లల టికెట్ అవుతుంది. అయితే రీకాయిల్ లాంటి పెద్ద రోలర్ కోస్టర్లు, తలకిందులు చేసే రైడ్లు 140 సెంటీమీటర్లు దాటినవాళ్లకే. ఏడేళ్ల పిల్లలు సుమారు 120 దగ్గర ఉంటారు. స్నేహితుడు గొప్పగా చెప్పిన రైడ్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి, తీరా అక్కడ కొలిచే కర్ర దగ్గర 'నువ్వు చిన్నవాడివి, పక్కకు రా' అనిపించుకుంటే ఆ రోజంతా పాడవుతుంది. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలవండి. ఎక్కలేనివి ఇవీ అని ముందే చెప్పండి. ఎక్కగలిగిన వాటిలో నాలుగైదు వాడినే ఎంచుకుని కాగితం మీద రాసుకోమనండి. కాగితం వాడి జేబులోనే ఉండాలి.

అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 'రైడర్ స్విచ్' అనే పద్ధతి ఉంది. చంటిపిల్లతో ఒకరు బయట ఉంటే, మొదటివాళ్లు రైడ్ ముగించుకొచ్చాక రెండోవాళ్లు మళ్లీ పొడవాటి క్యూలో నిలబడకుండా వెళ్లవచ్చు. అక్కడున్న మనవాళ్లకు ఇది బాగా తెలుసు. ఇక్కడ అలాంటి వీలు ఉంటుందని లెక్కలో పెట్టుకోవద్దు. అందుకే జనం తక్కువ ఉన్న రోజు చూసుకోమంటున్నాను. అందుకే మీవారు కూడా అన్నీ ఎక్కాలనుకోకూడదు. టికెట్ డబ్బులు గిట్టాలని పొద్దున్నుంచి చీకటి పడేదాకా పిల్లల్ని ఈడ్చుకు తిరగడం మనవాళ్లకు బాగా అలవాటు. మీకు నాలుగు రైడ్లు, ఒక గంట నీళ్లాట చాలు. బాబు ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడే తిరుగు ప్రయాణం కట్టండి. తిరిగి వెళ్లడానికి రెండు గంటల దారి ఉంది.

ఆ దారి గురించి కూడా ఒక మాట. కారు ముందు సీట్లో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు బిగించి కూర్చోబెట్టండి. పాలకు ఏడిస్తే కారు ఆపి ఇవ్వండి.

పార్కులో పాపకు కావలసింది నీడ, పాలు, చప్పుడు లేని చోటు. స్ట్రోలర్ తీసుకెళ్తే ఎండ పడుతోందని దాని మీద చున్నీయో తువ్వాలో కప్పేయకండి, గాలి ఆడక లోపల వేడి ఇంకా పెరుగుతుంది. పైకప్పు ఉన్న స్ట్రోలరో, లేకపోతే నూలు టోపీ, పొడుగు చేతుల పల్చటి చొక్కానో చాలు. రెయిన్ డాన్స్ దగ్గర స్పీకర్ల హోరు పెద్దవాళ్ల గుండెలే అదరగొడుతుంది. మీవారు పాపతో అటువైపు వెళ్లకూడదు. అలలు వచ్చే కొలనులోకి (వేవ్ పూల్) పాపను దింపవద్దు, ఏ రైడ్‌లోనూ ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. పాప మగతగా ఉండి పాలు తాగకపోయినా, ఒళ్లు కాలుతున్నా, చాలాసేపు డైపరు తడవకపోయినా చల్లటి చోటికి తీసుకెళ్లి, అక్కడి ప్రథమ చికిత్స గదిలో వెంటనే చూపించండి.

నీళ్లలోకి నూలు బట్టలతో రానివ్వరు. మీకూ బాబుకూ నైలాన్ దుస్తులు ముందే కొని పెట్టుకోండి. సిజేరియన్ అయినా, నడుము నొప్పి ఉన్నా కుదుపులు ఎక్కువ ఉన్నవి వదిలేసి మెల్లగా తిరిగేవి ఎక్కండి. సందేహం ఉంటే మీ డాక్టరమ్మను అడిగి వెళ్లండి. మీరు ఏది ఎక్కారన్నది బాబుకు లెక్కలోది కాదు, పక్కన మీరుంటే చాలు.

ఆ రోజు మొత్తం మీద ఇంట్లో ఎవరి నోటా 'నువ్వు అన్నయ్యవి కదా, సర్దుకోవాలి' అనే మాట రాకూడదు. ముందే అందరికీ చెప్పండి. సంచి మోయమనడం, చెల్లిని కాసేపు చూస్తుండమనడం, 'చెల్లి ఎంత బుద్ధిగా ఉందో చూడు' అనడం కూడా వద్దు. వాడంతట వాడే చెల్లి బుగ్గ గిల్లి నవ్విస్తే సంతోషించండి, దాని కోసం ఎదురుచూడకండి. క్యూలో ఉండగా పాప ఏడుపు వినబడితే అటు చూడకుండా ఉండటం మీకు కష్టమే. అయినా వాడి చెయ్యి వదలకండి. అవసరమైతే మీవారే ఫోన్ చేస్తారు.

బాబుతో వెళ్లాలని ఉండటం తప్పేమో అని రాశారు. పాప పుట్టినంత మాత్రాన మీరు బాబుకు తల్లి కాకుండా పోలేదు కదా. వాడు మిమ్మల్ని ఎంత కోల్పోయాడో మీరూ వాణ్ని అంతే కోల్పోయారు. ఏడు నెలలుగా నిద్ర లేని మనిషి ఒక రోజు నీళ్లలో కాళ్లు పెట్టి నవ్వాలనుకుంటే ఎవరికి ఏం నష్టం? ఈ కోరికను మీవారితో దాచకుండా చెప్పండి.

పార్కుకు వెళ్లేదాకా ఉన్న ఈ రెండు నెలలనూ ఖాళీగా వదిలేయకండి. రోజూ ఒక పావుగంట పాపను అత్తగారికో మీవారికో ఇచ్చి, ఫోన్ పక్కన పడేసి, బాబు చెప్పిన ఆట ఆడండి. వాడి మార్పు తగ్గేది ప్రధానంగా దీనితోనే. పక్క తడిపినప్పుడు తిట్టొద్దు, చుట్టాల ముందు ఆ ఊసే ఎత్తొద్దు, గుడ్డలు మార్చి పడుకోబెట్టండి. చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు మానేసిన అలవాటు కొన్నాళ్లు తిరిగి రావడం చాలామంది పిల్లల్లో ఉన్నదే. కానీ దాహం విపరీతంగా వేస్తున్నా, బరువు తగ్గుతున్నా, మూత్రం పోసేటప్పుడు మంట అంటున్నా అది మనసుకు సంబంధించినదే అనుకుని ఊరుకోకండి, వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. అలాంటివేమీ లేకపోయినా నెల దాటి సాగుతుంటే ఒకసారి మూత్ర పరీక్ష చేయించడం మంచిది.